పాత కారుకి పొల్యూషన్ పాస్ కావాలంటే

పొల్యూషన్ టెస్టులో ఫెయిలైందంటే చాలు, ఇంజను బోరుకొచ్చిందని తీర్మానం చేసేస్తారు చాలామంది. కొందరు అప్పులెక్కలు వేసుకుంటారు. ఇంకొందరు బండి చూడకుండా కాగితం చేతిలో పెట్టే మనిషి కోసం వెతుకుతారు. రెండూ తొందరపాటే. పాత కారును ఫెయిల్ చేసేవి ఎక్కువగా చిన్న విషయాలు: దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, అరిగిన ప్లగ్గులు, ఎండకు చిట్లిన వ్యాక్యూమ్ పైపు, పూర్తిగా వేడెక్కని ఇంజను. ఈ చివరిది రాయలసీమలో మరీ ఎక్కువ. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇంకా తిరుగుతున్న మారుతి 800లు, ఓమ్నీలు, శాంత్రోలు, ఇండికాలు, సుమోలు, పాత స్కార్పియోలు ఉన్నవాళ్ల కోసం ఇది. పనులు చెప్పిన వరసలోనే చేయండి. ముందు గాలి, తర్వాత మంట, ఆ తర్వాతే పెట్రోల్. చాలా చోట్ల మెకానిక్ తిరగేసి మొదలుపెడతాడు. మూత తీయగానే కార్బురేటర్ స్క్రూ తిప్పుతాడు. ఫిల్టర్ మూసుకుపోయిన బండికి స్క్రూ తిప్పి సీవో (పొగలోని కార్బన్ మోనాక్సైడ్) తగ్గిస్తే, తర్వాతెప్పుడో కొత్త ఫిల్టర్ వేసిన రోజు మిస్సింగ్ మొదలవుతుంది.

మీ బండికి లిమిట్ ఎంత

ఆర్సీ తీసి రెండు చోట్ల చూడండి: బండి తయారైన నెల, సంవత్సరం, ఎమిషన్ నార్మ్స్ అన్న దగ్గర ఏం రాసుంది. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన మెట్లు. దేశమంతటికీ బీఎస్-2 2005లో, బీఎస్-3 2010లో, బీఎస్-4 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 2020 ఏప్రిల్ 1న వచ్చాయి. హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకు బీఎస్-3 2005లోనే, బీఎస్-4 2010లోనే వచ్చేశాయి. కాబట్టి 2012లో ఏపీ 21 నంబరుతో కర్నూలులో రిజిస్టరైన కారు బీఎస్-3 కావచ్చు. అదే మోడలు, అదే ఏడాది, ఏపీ 09 నంబరుతో హైదరాబాద్‌లో రిజిస్టరై తర్వాత ఇక్కడికి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిందైతే బీఎస్-4 అయి ఉంటుంది. పక్కపక్కన నిలబెడితే తేడా తెలీదు, లిమిట్లలో మాత్రం చాలా తేడా ఉంది.

పెట్రోల్ కార్లకు స్లో స్పీడ్‌లో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజను నడుస్తున్నప్పుడు, ఉండాల్సిన లెక్కలు ఇవి:

- బీఎస్-2కు ముందువి: సీవో 3 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు, అంటే కాలకుండా మిగిలిన పెట్రోల్) 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని) దాటకూడదు.
- బీఎస్-2, బీఎస్-3: సీవో 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం.
- బీఎస్-4, బీఎస్-6: సీవో 0.3 శాతం, హెచ్‌సీ 200 పీపీఎం. వీటికి 2500 ఆర్‌పీఎం దగ్గర ఇంకో పరీక్ష ఉంటుంది. అక్కడ సీవో 0.2 శాతం దాటకూడదు, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ల లెక్క, సరిగ్గా కుదిరితే 1) 0.97కూ 1.03కూ మధ్య ఉండాలి.

డీజిల్ బండ్లకు పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. బీఎస్-4కు ముందువాటికి మీటరుకు 2.45, పాత లెక్కలో చెప్పాలంటే 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. బీఎస్-4కు 1.62, అంటే 50 యూనిట్లు. బీఎస్-6కు 0.7.

ఇప్పుడు సర్టిఫికెట్ వాహన్ (ప్రభుత్వం దగ్గరున్న బండ్ల రికార్డు) సర్వరు నుంచే వస్తుంది. ఆర్సీ రికార్డులో నార్మ్స్ తప్పుగా పడి ఉంటే మీ బండిని తప్పు లిమిట్‌తో కొలిచే ప్రమాదం ఉంది. తేడా కనిపిస్తే ముందు ఆర్టీవో ఆఫీసులో దిద్దించుకోండి. బీఎస్-3, అంతకు ముందు బండ్లకు సర్టిఫికెట్ ఆరు నెలలకే చెల్లుతుంది. బీఎస్-4 నుంచి పైవాటికి ఏడాది. ఏడాది అనుకుని ఆరు నెలలకు దొరికిపోయేవాళ్లు పాత బండ్లవాళ్లే.

వాల్వు పీకేసిన ఇంజన్లు

ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. బండి ఒక్కసారి హీటెక్కిందంటే మెకానిక్ మొదట చేసే పని థర్మోస్టాట్ వాల్వు తీసి పక్కన పడేయడం. "మన ఎండలకు వాల్వెందుకు న్నా?" అంటాడు. హీటు తగ్గినట్టే కనిపిస్తుంది, ఇద్దరూ సంతోషిస్తారు. ఆ బండికి పొల్యూషన్ కష్టాలు మొదలయ్యేది ఆ రోజే.

ఆ వాల్వు మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపి ఇంజనును త్వరగా వేడెక్కిస్తుంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంటాయి. హైవే మీద గాలి తగిలితే ఇంజను అరవై, డెబ్బై డిగ్రీలకు పడిపోతుంది. ఎంపీఎఫ్ఐ బండిలో (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్నది) ఈసీఎం, అంటే ఇంజను కంప్యూటర్, నీళ్ల వేడి కొలిచే సెన్సర్ చెప్పిందే నమ్ముతుంది. ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని చోక్ వేసినట్టు పెట్రోల్ ఎక్కువ పంపిస్తుంది. సీవో పెరుగుతుంది, మైలేజీ పోతుంది. పూర్తిగా కాలని పెట్రోల్ బోరు గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది.

వాల్వు ఉందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. పొద్దున్నే చల్లని ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు దూరంగా నిలబడి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టండి. వాల్వు ఉన్న బండిలో ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచి ఇంజనుతో పాటే మెల్లగా వెచ్చబడుతూ పోతే వాల్వు లేదని, లేదా తెరుచుకునే ఉండిపోయిందని అర్థం. హైవే మీద టెంపరేచర్ ముల్లు కిందికి జారి, ఊళ్లో ట్రాఫిక్‌లో మళ్లీ పైకి రావడం కూడా అదే చెబుతుంది.

తీసిన పాత వాల్వు ఇంకా ఉంటే పరీక్షించి చూడండి. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారానికి కట్టి అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి స్టవ్ వెలిగించండి. నీళ్లు 80 దాటాక మధ్యలో ఉన్న పళ్లెం కదలడం మొదలుపెట్టి, మరుగు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. కదలకపోయినా, చల్లని నీళ్లలోనే సందు కనిపించినా పారేయండి. కొత్తది వేసేటప్పుడు ప్యాకింగ్ కూడా కొత్తదే వేయండి. చిన్న గాలి రంధ్రం ఉన్న వైపు పైకి రావాలి.

అయితే వాల్వు పెట్టగానే బండి మళ్లీ హీటెక్కితే తప్పు వాల్వుది కాదు. ఎన్నో ఏళ్లుగా బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌లో సున్నం పేరుకుపోయి ఉంటుంది. మన బోర్లలో ఉప్పెంత ఉందో ఇంట్లో గీజరు విప్పి చూసినవాళ్లకు తెలుసు. రేడియేటర్ విప్పించి కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి పోయండి. ఇంజను వేడిగా ఉండగా మూత తీయొద్దు.

గాలి, మంట

ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు సున్నపురాయి, నాపరాయి దుమ్ములో తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన ఫిల్టర్ లెక్క పనికిరాదు. ఐదు వేల కిలోమీటర్లకు ఒకసారి తీసి చూడండి. ఫిల్టర్ వెనక బల్బు పట్టుకుంటే వెలుగు మడతల్లోంచి కనిపించాలి. గాలి కొట్టాలంటే లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టండి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకే దిగబడుతుంది. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు. కార్బురేటర్ బండ్లలోనూ డీజిల్ బండ్లలోనూ ఫిల్టర్ మూసుకుపోతే నేరుగా రీడింగులో కనిపిస్తుంది. ఎంపీఎఫ్ఐ బండి లోపలికి వచ్చే గాలిని కొలుచుకుని సర్దుకుంటుంది కాబట్టి అక్కడ తేడా తక్కువ. ఆ బండికి సీవో ఎక్కువ వస్తే ఫిల్టర్ ఒక్కటి మార్చి ఊరుకోవద్దు.

తర్వాత సైలెన్సర్. చల్లని ఇంజను స్టార్ట్ చేసి, వెనక గొట్టాన్ని మడతపెట్టిన తడిగుడ్డతో రెండు మూడు సెకన్లు మూయండి. ఎక్కడైనా లీకుంటే అక్కడ బుస్సుమంటుంది. ఇంజనుకూ లాంబ్డా సెన్సర్‌కూ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) మధ్య లీకుంటే దెబ్బ గట్టిగా తగులుతుంది. బయటి గాలి లోపలికి పీల్చుకుంటే, పెట్రోల్ తక్కువైందని సెన్సర్ అబద్ధం చెబుతుంది. ఈసీఎం నమ్మి పెట్రోల్ పెంచుతుంది. మంచి ఇంజను కూడా సీవోలో ఫెయిలవుతుంది. మ్యానిఫోల్డ్ ప్యాకింగ్, డౌన్‌పైపు జాయింట్ ముందు చూడాలి. మామూలు సిలికాన్ పేస్టుతో అక్కడ మాట్లు వేయొద్దు, ఆ ఆవిరి సెన్సర్‌ను చంపేస్తుంది.

ప్లగ్గులను ఇంజను చల్లారాకే విప్పండి. బండిని బట్టి 16 లేదా 21 సైజు ప్లగ్ స్పానర్ పడుతుంది. విప్పే ముందు చుట్టూ గాలి కొట్టించండి, లేకపోతే గుంటలో చేరిన ఇసుక నేరుగా సిలిండర్లోకి పోతుంది. సిలిండర్ల వరసలోనే పాత పేపరు మీద పెట్టి చూడండి. కాపీ పొడి రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా సున్నం వేసినట్టుంటే పెట్రోల్ చాలక ఎక్కువ వేడిలో కాలుతోంది. నాలుగింటిలో ఒక్కటే తేడాగా ఉంటే వెతకాల్సింది ఆ సిలిండర్లోనే. గ్యాప్ మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంత పెట్టండి. కార్బురేటర్ బండ్లలో ఎక్కువగా 0.7–0.8, ఎంపీఎఫ్ఐ బండ్లలో 1.0–1.1 మిల్లీమీటర్లు ఉంటుంది. కొత్త ప్లగ్గును చేత్తో చివరిదాకా తిప్పి, వాషర్ ఆనాక స్పానర్‌తో అర చుట్టు బిగిస్తే చాలు. పాత ప్లగ్గే మళ్లీ వేస్తుంటే చుట్టులో ఎనిమిదో వంతు సరిపోతుంది.

ప్లగ్ వైర్ల సంగతి రాత్రిపూట తెలుస్తుంది. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపిస్తే చిట్లిన వైరు దగ్గర నీలం రంగు చుక్కలు మెరుస్తాయి. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండ్లలో క్యాప్ లోపల సన్నని నల్ల గీతలున్నాయేమో చూడండి. అవి కరెంటు దారి తప్పిన జాడలు. తుడిస్తే పోవు, క్యాప్ మార్చాల్సిందే. అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లు పాయింట్ల గ్యాప్ బండి పుస్తకంలో ఉన్నంత ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి.

వ్యాక్యూమ్ పైపులు బానెట్ కింది వేడికి బిస్కెట్లలా పెళుసుబారతాయి. వేళ్లతో వంచితే పగుళ్లు కనిపిస్తాయి. కొందరు కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి లీకు కనిపెడతారు. వేడి మ్యానిఫోల్డ్ పక్కన ఆ పని చేస్తే మంట అంటుకోవచ్చు. ఇస్త్రీ చేసేటప్పుడు వాడే నీళ్ల స్ప్రే సీసా చాలు. కరెంటు వైర్ల మీద పడకుండా, మ్యానిఫోల్డ్ జాయింట్ల దగ్గర, పైపుల చివర్ల దగ్గర సన్నగా కొట్టండి. లీకున్న చోట నీళ్లు పడగానే ఇంజను చప్పుడు మారుతుంది. బ్రేక్ బూస్టర్ పైపు మర్చిపోవద్దు.

ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే టెస్టుకు ముందే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేయండి. ఇంజను వేడెక్కగానే ఆ ఆవిరంతా బ్రీదర్ పైపు గుండా మళ్లీ సిలిండర్లలోకే వెళ్లి సీవో, హెచ్‌సీ రెండింటినీ పెంచుతుంది. పెట్రోల్ ఎందుకు కలిసిందో మాత్రం తేల్చుకోవాలి, లేకపోతే ఆరు నెలలకు మళ్లీ ఇదే కథ.

కార్బురేటర్ ట్యూనింగ్

పైవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. ఇంజను పూర్తిగా వేడెక్కాలి, చోక్ పళ్లెం నిలువుగా పూర్తిగా తెరుచుకుని ఉండాలి. చోక్ కేబుల్ పట్టేసి పళ్లెం సగంలో ఆగిపోయిన పాత 800లు చాలా ఉంటాయి. అలా ఉంటే ఎంత ట్యూన్ చేసినా దండగే.

మిక్చర్ స్క్రూ మూత కింద దాగి ఉంటే మూత తీయించాలి. ముందుగా స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో లెక్కపెట్టి రాసుకోండి, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి. ఆనాక బలంగా బిగిస్తే సూది మొన చెడిపోతుంది. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పి ఇంజను స్టార్ట్ చేయండి. స్లో స్పీడ్ 850 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. ఇప్పుడు మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పండి, ప్రతి పావుకూ పది సెకన్లు ఆగి వినండి. ఇంజను తడబడటం మొదలవగానే ఆగి, మళ్లీ బయటికి తిప్పుతూ చప్పుడు మెత్తగా, నిలకడగా ఉన్న చోటికి రండి. అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు లోపలికి. స్లో స్పీడ్ మారి ఉంటుంది, దాన్ని మళ్లీ 850కి తెండి. గ్యాస్ అనలైజర్ ఉన్న షెడ్డులో చేయిస్తే ఇదంతా పది నిమిషాల పని, తెర మీద సీవో చూస్తూ తిప్పొచ్చు.

స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పినా సీవో దిగకపోతే పెట్రోల్ ఇంకో దారిలో వస్తోంది. ఫ్లోట్ లెవెల్ ఎక్కువై ఉండొచ్చు, నీడిల్ వాల్వు అరిగి ఉండొచ్చు, లేదా జెట్టును ఎవరో తీగతో గుచ్చి పెద్దది చేసి ఉండొచ్చు. ఇత్తడి జెట్టులో తీగ పెట్టకూడదు, గాలి కొట్టాలి, అంతే.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కార్బురేటర్‌కు ఆ సంగతి తెలీదు కాబట్టి మిక్చర్ కాస్త పల్చబడుతుంది. పాత సెట్టింగుతో స్లో స్పీడ్‌లో మిస్సింగ్ వస్తుంటే, హెచ్‌సీ ఎక్కువ చూపిస్తుంటే కారణం అదే కావచ్చు. పాత రబ్బరు పైపులను కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. పెట్రోల్ పైపులు, ఇన్‌లైన్ ఫిల్టర్ కొత్తవి వేసుకోండి.

ఎంపీఎఫ్ఐ బండ్లు

ఇక్కడ తిప్పడానికి స్క్రూ ఉండదు, సెన్సర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడటమే పని. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే ముందు కోడ్ చదివించండి. ఫోనుకు కలిపే చిన్న డాంగిళ్లు బీఎస్-2, బీఎస్-3 బండ్లతో చాలాసార్లు మాట్లాడవు. ఆ కంపెనీ బండ్ల స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

నీళ్ల సెన్సర్‌ను మల్టీమీటరుతో ఇంట్లోనే చూడొచ్చు. సాకెట్ పీకి రెండు పిన్నుల మధ్య కొలిస్తే, చల్లని ఇంజనుకు రెండు నుంచి మూడు వేల ఓమ్‌లు, పూర్తిగా వేడెక్కాక సుమారు మూడు వందలు చూపించాలి. వేడిలో కూడా వేలల్లోనే ఉంటే సెన్సర్ పోయింది. లాంబ్డా సెన్సర్ వోల్టేజీ వేడి ఇంజనులో 2500 ఆర్‌పీఎం దగ్గర 0.1కీ 0.9కీ మధ్య ఆగకుండా ఊగుతుండాలి. మెల్లగా కదిలితే ముసలిదైనట్టు, 0.8 దగ్గర కదలకుండా నిలిచిపోతే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు. లక్ష కిలోమీటర్లు దాటిన సెన్సర్ మీద పెద్దగా నమ్మకం పెట్టుకోవద్దు.

క్యాటలిటిక్ కన్వర్టర్‌ను (సైలెన్సర్ దారిలో విషవాయువులను తగ్గించే డబ్బా) రబ్బరు సుత్తితో తట్టండి. లోపల గలగలమంటే అందులోని పింగాణీ ఇటుక పగిలింది. సెకండ్‌హ్యాండ్ బండైతే అసలు అది ఉందో లేదో కూడా చూడాలి. లోపలి సరుకు విలువైనది కాబట్టి తీసి పాత ఇనుముకు అమ్మేసి, ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసిన బండ్లుంటాయి. అది లేకుండా బీఎస్-4 లిమిట్లు అందుకోవడం దాదాపు కుదరని పని. కొత్తది ఖరీదు. అందుకే దాన్ని చంపిన కారణం, అంటే మిస్సింగో, ఆయిల్ కాలడమో, ముందు బాగుచేశాకే కొత్తది వేయండి.

చీటీ చదవడం

ఫెయిలైతే రీడింగుల చీటీ అడిగి తీసుకోండి. అంకెలు ఒక్కొక్కటిగా చూస్తే ఏం తెలీదు, కలిపి చూడాలి.

ఒక బీఎస్-3 కారుకు సీవో 1.9, హెచ్‌సీ 310 వచ్చిందనుకుందాం. హెచ్‌సీ లిమిట్‌లోనే ఉంది, అంటే ప్లగ్గులు పనిచేస్తున్నాయి. పెట్రోలే ఎక్కువ. థర్మోస్టాట్, నీళ్ల సెన్సర్, లాంబ్డా, కారే ఇంజెక్టర్, ఈ వరసలో వెతకాలి. అదే కారుకు సీవో 0.2, హెచ్‌సీ 1150 వస్తే కథ వేరు. పెట్రోల్ ఎక్కువ లేదు, కానీ కాలకుండానే బయటికి పోతోంది. ప్లగ్గు, వైరు, కాయిల్, వ్యాక్యూమ్ లీకు చూడాలి. అన్నీ బాగుంటే టాపెట్ గ్యాప్, ఆపైన కంప్రెషన్. పెట్రోల్ ఇంజనులో 150 నుంచి 180 పీఎస్ఐ ఉండి, సిలిండర్ల మధ్య తేడా 15 దాటకుండా ఉంటే బోరు పని అక్కర్లేదు. కంప్రెషన్ కొలవకుండా బోరు పని చెప్పే మెకానిక్‌కు నమస్కారం పెట్టి వచ్చేయండి.

రెండూ ఎక్కువుంటే పెట్రోల్ మరీ ఎక్కువైందని, లేదా క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయట్లేదని. అది చల్లగా ఉన్నా ఇలాగే వస్తుంది. ఆక్సిజన్ మూడు శాతం పైన ఉండి, మామూలుగా 13–15 ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఉంటే గొట్టంలో బయటి గాలి కలుస్తోంది, లేదంటే ఇంజను గట్టిగా మిస్సింగ్ కొడుతోంది. మిస్సింగ్ లేకపోతే సైలెన్సర్ లీకు మూసి మళ్లీ కొలిపించండి.

డీజిల్ బండ్లు

డీజిల్ పరీక్షలో ఎక్సలేటర్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కి, ఇంజను గరిష్ఠ వేగం అందుకున్నాక వదిలేస్తారు. ఇలా చాలాసార్లు చేసి రీడింగుల సగటు తీస్తారు. కాబట్టి వెళ్లే ముందు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో గుర్తుచేసుకోండి. గుర్తు రాకపోతే ముందు అది మార్చండి. పాత బెల్టు ఆ వేగంలో తెగితే వాల్వులు వంగిపోతాయి, పొల్యూషన్ కాగితం కోసం వెళ్లి ఇంజను హెడ్ విప్పుకుని రావాల్సి వస్తుంది. ఆయిల్, నీళ్లు కూడా చూసుకోండి.

నల్ల పొగ అంటే గాలి చాలట్లేదు, లేదా డీజిల్ ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టర్ తర్వాత టర్బో నుంచి మ్యానిఫోల్డ్ దాకా ఉన్న రబ్బరు పైపులు చూడండి. క్లిప్పు దగ్గర ఆయిల్ జిడ్డుతో దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ గాలి కారుతోంది. ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపేది) మసితో తెరుచుకుని ఉండిపోయినా నల్ల పొగే. విప్పి క్లీనర్‌తో కడిగితే చాలు. రేకు ముక్క పెట్టి మూసేయడం మాత్రం అడ్డదారి, దాంతో వేరే విషవాయువులు పెరుగుతాయి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నాజిల్ లేదా టైమింగ్, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్.

పాత సుమోలు, ట్రాక్సులు, ఇండికాల్లో ఇంకో జబ్బుంది. పికప్ రావాలని ఎవరో ఒకరు పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచి ఉంటారు. పంపు మీది సీలు తెగి ఉంటే అనుమానమే అక్కర్లేదు. దాన్ని బండి మీదే అంచనాగా తగ్గించొద్దు. పంపు, నాజిళ్లు విప్పి డీజిల్ పంపు షాపులో బెంచీ మీద పెట్టించండి. నాజిల్ టెస్టర్ మీద పొగమంచులా చిమ్మాలి. చుక్కలుగా కారితే, పిచికారీలా ఒకే గీతలో కొడితే నాజిల్ మార్చాలి. కామన్‌రైల్ బండ్లలో (డీజిల్ ఎంత పోవాలో కంప్యూటరే చూసుకునేవి) స్క్రూ ఉండదు. అక్కడ ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు ఒకే సైజు సీసాలు పెట్టి ఇంజను నడిపిస్తే, ఎక్కువ నిండే సీసా ఏ ఇంజెక్టర్ పోయిందో చెబుతుంది.

ఊళ్లోనే మెల్లగా తిరిగే డీజిల్ బండి సైలెన్సర్‌లో మసి పేరుకుని, టెస్టులో మొదటి రెండుసార్లు తొక్కగానే అదంతా మీటర్లోకి వస్తుంది. టెస్టుకు ముందు అరగంట హైవే మీద ఒక గేరు తగ్గించి 2500–3000 ఆర్‌పీఎం దగ్గర నడపండి. కడపవాళ్లకు గువ్వలచెరువు ఘాటు ఉండనే ఉంది. బరువు మీద మూడో గేరులో ఎక్కితే మసి రాలిపోతుంది, పనిలో పనిగా పాలకోవా తెచ్చుకోవచ్చు. కర్నూలు నుంచి ఓర్వకల్లు దాకా వెళ్లొచ్చినా, అనంతపురం నుంచి గుత్తి వైపు 44వ నంబరు హైవే మీద వెళ్లొచ్చినా అంతే.

టెస్టు రోజు

పెట్రోల్ బండినైనా ఇంట్లో నిలబెట్టి వేడెక్కించడం సరిపోదు. క్యాటలిటిక్ కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటే 250–300 డిగ్రీలు కావాలి. స్లో స్పీడ్‌లో నిలబడ్డ బండికి ఆ వేడి రాదు, వచ్చినా నిలవదు. ఇరవై నిమిషాలు నడిపి నేరుగా పొల్యూషన్ వ్యాన్ దగ్గరికి వెళ్లండి. బంకులో క్యూ ఉంటే ఇంజను ఆపేయొద్దు. మీ వంతుకు ముందు రెండు మూడు నిమిషాలు 2500 దగ్గర పట్టుకోండి. ఏసీ, హెడ్‌లైట్లు ఆపేయండి.

గొట్టం పెట్టకముందు తెర మీద హెచ్‌సీ ఎంతుందో ఓ కన్నేయండి. బయటి గాలిలోనే వందలు చూపిస్తుంటే ముందు బండి తాలూకు వాయువు పైపులో ఇంకా ఉందన్నమాట. జీరో చేయమని మర్యాదగా అడగండి. ప్రోబ్ సైలెన్సర్‌లోకి కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే జానెడున్నర దాకా వెళ్లాలి. అంచున తగిలించి వదిలేస్తే వచ్చేది మీ బండి రీడింగు కాదు, బంకు గాలి రీడింగు. తక్కువ వచ్చిందని సంబరపడొద్దు, ఆర్టీవో ఆఫీసులో సరిగ్గా కొలిచిన రోజు బయటపడుతుంది.

నంబరు ప్లేటు ఫొటోలో స్పష్టంగా కనపడాలి, ముందే తుడిచి పెట్టుకోండి. ఆర్సీకి కలిపిన మొబైల్ నంబరు వాడుకలో ఉండాలి. ఇప్పటి సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో వివరాలు సరిపోల్చి చూడొచ్చు. అలా కనిపించని కాగితం చెల్లదు. పొల్యూషన్ నియమాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. లైసెన్సు మూడు నెలలు ఆగిపోవచ్చు కూడా.

బండికి పదిహేనేళ్లు నిండుతుంటే ఇంకో లెక్క ఉంది. ఆర్సీ గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. పాసైతే ఐదేళ్లకు ఇస్తారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసే రోజుకు పొల్యూషన్, ఇన్సూరెన్స్ రెండూ చెల్లుబాటులో ఉండాలి. స్లాట్ తేదీ ఖాయమయ్యాకే, ఆ వారంలోనే పొల్యూషన్ చేయించుకోండి. ట్యూనింగ్ అప్పుడే చేసిన బండి కాబట్టి ఆఫీసులో మళ్లీ కొలిచినా అదే అంకె వస్తుంది.